బలిఘట్టం భక్తుడు

నర్సీపట్నం,
మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి రాజేశ్వరికి,

ఆశీస్సులతో రాయునది. ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయాలి గనుక రాస్తున్నాను. మా అమ్మ క్షేమం. నేను క్షేమం. మన పిల్ల రత్నానికి జ్వరం గానీ దగ్గు గానీ ఏమీ లేవు. ఆ మాత్రాన్ని క్షేమం అనవచ్చునో లేదో ఉత్తరం పూర్తిగా చదివి నువ్వే చెప్పు. అక్కడ మలేరియా సర్వే పని ఎక్కువై ఈ నెల కూడా నీకు సెలవు ఇవ్వలేదని తెలిసి మనసు చివుక్కుమంది. కొండ మీద వానలు. దోమతెర లేకుండా పడుకోకు. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే నర్సువి, నీకు నేను చెప్పడం ఏమిటని నవ్వుకుంటావు. అయినా రాశాను.

నీ ఉత్తరం జీపు చిట్టిరాజు శనివారం సాయంత్రం కొట్టు దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. చొక్కా జేబులో పెట్టుకుని దిగాడేమో, చెమటకు చివరి పేజీ అలుక్కుపోయింది. అయినా చదవగలిగాను. నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. వంటింటి రేకు మార్పించాను, ఇప్పుడు కారడం లేదు. గ్యాస్ మాత్ర పరగడుపునే వేసుకుంటున్నాను. అమ్మ కళ్లల్లో చుక్కలు వేస్తున్నాను. వేసిన వెంటనే ఆవిడ కొంగుతో తుడిచేసుకుని, కాసేపటికి "ఈయాల సుక్కలెయ్యవేటి?" అని నన్నే అడుగుతోంది. ఇక రత్నం అన్నం సరిగా తింటోందా అని అడిగావు. తింటోంది. ఎలా తింటోందో రాస్తే నాకు మండినట్టే నీకూ ఒళ్లు మండుతుంది.

మాస్కు పెట్టుకుని తింటోంది. ముద్ద కలుపుకుని, రెండో చేత్తో మాస్కు కింది అంచు పైకెత్తి, ముద్ద లోపల పెట్టుకుని, మళ్లీ దించి, ఆ గుడ్డ వెనకాల నములుతుంది. కరోనా వచ్చినప్పుడు ఇదే పిల్ల వెంట నువ్వు మాస్కు పట్టుకుని ఇల్లంతా తిరిగేదానివి, ఊపిరాడటం లేదని పీకి పారేసేది. ఇప్పుడు ఏ జబ్బూ లేదు, పీకమంటే పీకదు. దుమ్ము అంటుంది. ఇంట్లో దుమ్మేమిటని అడిగితే తలుపు వేసుకుంటుంది. చారు మరకలతో ఆ గుడ్డ పసుపు రంగుకి వచ్చింది. అన్నీ నీకు రాయలేదని కోప్పడ్డావు. ఏమని రాయను? నాకే అర్థం కాలేదు. నేను ఏడో తరగతితో ఆపేసి, కొట్టులో పాత పద్దులు చూసి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. నాకు తెలియనిదేదైనా నాలుగు రోజులు పక్కన కూర్చుని చూస్తే పట్టుబడుతుందని నా నమ్మకం. ఈ ఫోను దగ్గర ఆ నమ్మకం చెడింది.

మొదలైంది మాత్రం నాకు తెలుసు. వినాయక చవితినాడు రత్నమూ, ఆమె స్నేహితురాలు ఈశ్వరీ, ఇంకో ఇద్దరూ పందిరి ముందు నిలబడి ఫోటో దిగారు. ఈశ్వరి ఆ ఫోటోలో తన ముఖం వరకు తెల్లగా దిద్దుకుని ఇన్‌స్టాలో పెట్టింది. మిగతా ముగ్గుర్నీ ఉన్నట్టే వదిలేసింది. నలుగురూ నిజంగా ఇంచుమించు ఒకే చాయ పిల్లలు. ఫోటోలో చూస్తే ఈశ్వరి ఒక్కతే పగట్లో ఉన్నట్టూ, వీళ్లు ముగ్గురూ సందెచీకట్లో ఉన్నట్టూ కనిపించారు. దాని కింద బడి పిల్లలు రాసిన వేళాకోళాలు నీకు రాయను. ఇందులో ఈశ్వరిని తిట్టడానికీ నాకు నోరు రాదు. అదీ పదిహేనేళ్ల పిల్లే. తన ముఖం చూసుకుంది, పక్కవాళ్ల సంగతి తట్టలేదు.

అక్కణ్ణుంచి మన ఇంట్లో పెరుగు మిగలడం లేదు. పెరుగూ శనగపిండీ ముఖానికి, టమాటా మెడకి. అమ్మ మంచం కోడుకి గుండ్రటి దీపం ఒకటి కట్టింది, అది వెలిగితే అమ్మకు కళ్లు మండుతాయి. ఆ దీపం ముందు ఫోటో తీసి, ఫోనులో ఏదో నొక్కితే ముక్కు సన్నబడుతుంది, దవడ తగ్గుతుంది, రంగు తేలుతుంది. కొంతసేపయ్యాక చూస్తే అందులో రత్నం ఉండదు, ఎవరో పిల్ల ఉంటుంది. ఒకరోజు ఉబలాటపడి వాళ్ల మామ్మకి కూడా అలాగే తీసి చూపించింది. అమ్మ ఆ ఫోటో దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, "ఈయమ్మెవులే? మన సుట్టాలేనా? ముసలిదైనా ముడతొక్కటి నేదు" అంది. రత్నం ఆ రోజు పడీపడీ నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు విని ఇప్పటికి చాలా రోజులైంది.

దిద్దిన ఫోటోలు పెట్టినంతకాలం ఏ గొడవా లేదు. పిల్లలు గుండె బొమ్మలు పెట్టేవారు, ఇది లెక్కపెట్టుకునేది, తగ్గితే అలిగేది. నాకు విసుగే గానీ భయం వేయలేదు. అప్పుడు బడిలో పిల్లలందరూ పందెం వేసుకున్నారట, ఏమీ దిద్దకుండా ఎవరి ముఖం వాళ్లు పెట్టాలని. రత్నం రెండు రోజులు తటపటాయించి, తల దువ్వుకుని, ఆ దీపం కూడా లేకుండా మన పెరట్లో గోరింటాకు చెట్టు దగ్గర నిలబడి, ఒక చిన్న వీడియో తీసి పెట్టింది. పెద్ద మాటలేం లేవు. "ఇది నేను" అని, నవ్వి, చెయ్యి ఊపింది. అంతే.

దాని కింద పడిన మొదటి రాత ఏమిటో నీకు తెలుసు. నువ్వు సిగ్నల్ కోసం గట్టెక్కి ఫోన్ చేసినప్పుడు రత్నం ఏడుస్తూ నీకు చదివి వినిపించిందని రాశావు. "రంగు తక్కువైనా ముఖంలో కళ ఉంది. దిగులుపడకు తల్లీ. బలిఘట్టం భక్తుడు." ఆ రాత్రి వీడియో పెట్టిన కాసేపటికే పడింది. పిల్ల ఆ వీడియో తీసేసింది. మర్నాడు పొద్దుటి నుంచే మాస్కు.

ఎవడా బలిఘట్టం భక్తుడు, మన పిల్ల రంగుతో వాడికేం పని, మీరు ఇంట్లో ఉండి ఏం చేస్తున్నారు, తమ్ముడికి చెప్పాను, వాడు పట్టుకుంటాడు అని రాశావు. అడిగినవన్నీ న్యాయమే. జవాబు రాస్తాను. ఆదివారం జరిగింది ముందు రాయాలి, లేకపోతే నా చేతికి ఆ మాట రాదు.

అంతకుముందు శుక్రవారం బడినుంచి హెడ్మాస్టరు గారు కబురు పెట్టారు. పదో తరగతి పరీక్ష దరఖాస్తులకు ఫోటోలు బడిలోనే తీయిస్తున్నారు. అందరివీ అయిపోయాయి, రత్నం మాత్రం మాస్కు తీయనని కూర్చుందట. ఆయన మంచివాడే, కానీ విసిగిపోయి ఉన్నాడు. సోమవారంతో గడువు, ముఖం కనిపించని ఫోటో పంపితే దరఖాస్తు తిరిగి వచ్చేస్తుంది, అప్పుడు నన్నేమీ అనొద్దు మన్మథరావు గారూ అన్నాడు. ఇంటికి వచ్చి రత్నంతో నెమ్మదిగా చెప్పాను. "వచ్చే ఏడు రాస్తాను" అంది. పరీక్ష అంటే బస్సు అనుకుంటోంది, ఇది పోతే ఇంకోటి వస్తుందని. నాకు కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో కింద రాస్తాను.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిని లేచేసరికి గుమ్మంలో బండి ఆగింది. మీ తమ్ముడు గణేశ్వరరావు. వెనక సీటు మీద ఒక మనిషి. దిగీదిగగానే వాడి చొక్కా కాలరు పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. ఆ మనిషి పేరు వాసు. బలిఘట్టం గుడి దారిలో కొబ్బరికాయలూ పూలూ అమ్ముకుంటాడు. ఇద్దరు పిల్లల తండ్రి. చేతికి ఇంకా పూలదండ నార చుట్టుకునే ఉంది.

"బావా, ఈడే ఆ భక్తుడు" అన్నాడు మీ తమ్ముడు. "ఈడి ఫోన్లో అదే గుడి బొమ్మ ఉన్నాది. ఒప్పుకోరా అంటే ఒప్పుకోడు."

"బాబూ, ఆ బొమ్మ మా ఊర్లో సగం మంది ఫోన్లలో ఉంటాదండి" అన్నాడు వాసు. "దేవుడి బొమ్మెట్టుకుంటే నేరమేటండి? నాకా ఇన్‌స్టా ఏటో తెలీదు. నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లలున్నోడివి, పరాయి పిల్ల రంగు నీకెందుకురా? పోలీసుల కాడ సెప్పుదువు గానీ పద."

గుమ్మం దగ్గర రత్నం మాస్కుతో నిలబడి చూస్తోంది. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. మీ తమ్ముడు చెయ్యెత్తాడు. వాసు కళ్లు మూసుకున్నాడు.

"వదిలేయ్. అది నేను" అన్నాను.

నేను గొంతెత్తే మనిషిని కాను, నీకు తెలుసు. ఎవరికీ వినపడలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది. "గణేశ్వరరావూ, అతన్ని వదిలేయ్. ఆ రాత రాసింది నేను."

మీ తమ్ముడు నవ్వాడు. "ఊరుకో బావా. నీకు ఫోనెత్తడమే సరిగా రాదు."

రాజేశ్వరీ, అది నేనే. శ్రావణంలో నువ్వు ఉత్తరం రాశావు, పిల్ల ఫోనులో ఏం చేస్తోందో మీరే కనిపెట్టి ఉండండి అని. కనిపెట్టడం ఎలా? అడిగితే చెప్పదు. అందుకని సెల్లు కొట్టువాడి దగ్గరికి వెళ్లి నా ఫోనులో ఆ ఇన్‌స్టా పెట్టించాను. పేరేం పెట్టమంటారు అన్నాడు. నా పేరు పెడితే పిల్లకి తెలిసిపోతుంది. ఆ ముందురోజే బలిఘట్టం వెళ్లి దండం పెట్టుకొచ్చాను, ఆ మాటే నోటికి వచ్చింది. గుడి ఫోటో వాడే పెట్టాడు. నేను రోజూ రాత్రి పద్దు రాసుకున్నాక ఒకసారి తెరిచి చూసి మూసేసేవాణ్ణి, అంతకుమించి ఏమీ చేయలేదు. ఆ గోరింటాకు చెట్టు వీడియో చూసిన రోజు మాత్రం ఉండబట్టలేదు. ఎన్నాళ్లకో నా కూతురు నా కూతురిలా కనిపించింది. ఎదురుగా చెప్పడం నాకు చేతకాదు. మంచి మాట ఒకటి రాయాలనిపించింది. మా ఇంట్లో ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఆ మాటే చెప్పేవారు, నాకు తెలిసిన మంచి మాట అదే. రాసి, సంతోషంగా నిద్రపోయాను కూడా.

తెల్లారి మాస్కు చూసినప్పుడు నాకు సంగతి తట్టలేదు. నీ ఉత్తరం చదివాకే రూఢిగా తెలిసింది. శనివారం సాయంత్రం తెలిసింది, ఆదివారం మధ్యాహ్నం దాకా నోరు మెదపలేదు. వాసు కాలరు మీ తమ్ముడి చేతిలో చూడకపోతే ఇంకా ఎన్నాళ్లు మెదపకపోయేవాడినో చెప్పలేను. శుక్రవారం పిల్ల మీద చెయ్యి ఎందుకు ఎత్తలేదంటే, అప్పటికే నాకు లోపల ఏదో అనుమానం ఉంది. ఏమని రాయను, అనుమానాన్ని కోపం కింద దాచుకున్నాను.

రత్నం గుమ్మం దగ్గర్నుంచి నా ముందుకు వచ్చింది. వచ్చి అంది, "నువ్వా నాన్నా?"

"మంచి మాటే రాశాననుకున్నానమ్మా."

"భయపడతానే పెట్టేను. ఎవులేటంటారో అని ఫోన్ సూసుకుంటా కూకున్నాను. మొదట వచ్చింది నీదే." మాస్కు ఇంకాస్త పైకి లాక్కుంది. "మంచి మాటలో రంగెందుకు? నానేటి, నీ కొట్లో జీడిపప్పునా? రంగు సూసి రకం కట్టీసినావు."

నా పని నీకు తెలుసు. బల్ల మీద ఆడవాళ్లు పప్పు ఏరుతారు, విరగని తెల్ల గుండు పప్పు ఒక బుట్టలోకి, కాస్త వేగి రంగు మారింది ఇంకో బుట్టలోకి. నేను తూకం వేసి రాసుకుంటాను. నోట్లో వేసుకుంటే రెండింటికీ తేడా తెలియదు, ధరలో మాత్రం ఉంటుంది. ఇన్నేళ్లుగా చేస్తున్న పని. పిల్ల ఆ మాట అన్నాక నిన్నా ఇవాళా ఆ బల్ల దగ్గర నిలబడటం కష్టంగా ఉంది.

అప్పుడు అమ్మ కలగజేసుకుంది. కొడుకుని వెనకేసుకు రావాలని ఆవిడ తాపత్రయం. "దానికంత రాద్దాంతమేటే గుంటా? మీ యమ్మని సూడ్డానికెల్లొచ్చినపుడు నానూ ఇదే మాటన్నాను. రంగు తక్కువైనా కళగలది, సేసీసుకుందారని. మీ యమ్మేటి, నవ్వుకుంటా వచ్చి కాపరం సేసుకోనేదా?"

"అమ్మ నవ్వుకుంటా వచ్చిందని నీకెవులు సెప్పేరు మామ్మా?" అంది రత్నం. అని లోపలికి వెళ్లిపోయింది.

అందరికంటే ముందు తేరుకున్నవాడు వాసు. "మరి నన్ను దిగబెట్టీయండి బాబూ, కొట్టుకాడెవులూ నేరు" అన్నాడు. నేను చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "మీరు కూడా ఆ గుడికొచ్చేవోరే గదండి, ఈసారొస్తే నా కాడ కాయ కొనండి" అన్నాడు. మీ తమ్ముడు తల వంచుకుని అతన్ని బండి మీద తీసుకెళ్లి దిగబెట్టి వచ్చాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. నిన్ను ఎలా మొహమెత్తి చూడాలో తెలియడం లేదని అమ్మతో అన్నాడట. ఆ సంగతేదో నాకే తెలియడం లేదు, వాడికేం.

సాయంత్రం రత్నం నా ఫోను అడిగింది. ఇచ్చాను. నా ముందే నిలబడి ఏవో నొక్కి ఆ భక్తుణ్ణి తీసేసి, ఫోను మళ్లీ నా చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

సోమవారం పొద్దున ఫోటో సంగతి నేను ఎత్తలేదు. ఎత్తే మొహం లేదు. గడువు ఆ రోజుతో సరి. బడి వేళకి రత్నం యూనిఫాం వేసుకుని, మాస్కు పెట్టుకుని, గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా "రా" అంది. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వెంట నడిచాను.

బడి వరండాలో నీలం గుడ్డ కట్టి స్టూలు వేశారు. ఫోటోగ్రాఫరు రత్నాన్ని ఒకసారి చూసి, నా వైపు తిరిగి, అలవాటు కొద్దీ మామూలుగానే అడిగాడు. "రంగు కొంచెం పెంచీమంటారాండి? అందరూ పెంచమంటన్నారు."

నా నోటి దాకా ఏదో వచ్చింది. ఒద్దు అనాలా, పెంచమనాలా అని కాదు. ఏది అన్నా మళ్లీ దాని రంగు గురించి నేను మాట్లాడినట్టే అవుతుంది. "పాపనడుగు" అన్నాను.

రత్నం మాస్కు పైనుంచి నన్ను కాసేపు చూసింది. తర్వాత మాస్కు తీసి ఒళ్లో పెట్టుకుని, "ఉన్నట్టే తియ్యండి" అంది. చెంపల మీద తాడు ఒరుసుకున్న గీతలు ఎర్రగా ఉన్నాయి. అతను రెండుసార్లు తీశాడు. తీయగానే మళ్లీ మాస్కు పెట్టేసుకుని క్లాసులోకి వెళ్లిపోయింది.

ఒక్క ఫోటోతో అంతా చక్కబడిందని నీకు అబద్ధం రాయను. నిన్న రాత్రి కూడా మాస్కుతోనే తింది. ఇవాళ పొద్దున మాత్రం కాఫీ తాగేటప్పుడు గెడ్డం కిందికి దించుకుంది, నేను చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఆ దీపం మంచం కోడుకి ఇంకా అలాగే ఉంది. విప్పమని నేను అనను. ఫోను లాక్కోమని హెడ్మాస్టరు గారు సలహా ఇచ్చారు. ఫోనులో వేరేవాళ్లు అన్నదేదీ పిల్లకి ఇంత తగలలేదు. తగిలింది ఇంట్లోంచి వెళ్లిందే. ఇక ఏం మొహం పెట్టుకుని లాక్కోను?

ఇప్పుడు నేను నిన్ను అడగవలసింది ఒకటి ఉంది. అమ్మ అన్న మాట నువ్వు మొదటిసారి ఎప్పుడు విన్నావో నాకు తెలియదు. కానీ నేను అన్నది నీ ఎదుటే అన్నాను. కొట్టు యజమాని గారి ఇంట్లో, మీ పెద్దమ్మ ఊరిలో, మొన్న నీ ఉద్యోగం ఖాయమైనప్పుడు కూడా, మా ఆవిడ రంగు తక్కువైనా కళగల మనిషి అని చెప్పాను. గొప్పగానే చెప్పాను. నువ్వు ప్రతిసారీ నవ్వేదానివి. నవ్వి లోపలికి వెళ్లిపోయేదానివి. నవ్వావు గనుక సంతోషించావనుకున్నాను. లోపలికి ఎందుకు వెళ్లేదానివో ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. చిట్టిరాజు శుక్రవారం మళ్లీ కిందికి దిగుతాడు. జవాబు రాసి పంపు. నన్ను వెనకేసుకు రావాలని రాయకు. రత్నం చదువుతుంది, దానికి నిజం కావాలి. నాకూ కావాలి. నీ మీద ఆన, ఏం రాసినా బాధపడను అని రాయబోయి ఆగాను. బాధపడతాను. అయినా రాయి.

ఈ కవరులో ఒక చిన్న ఫోటో ఉంది. దరఖాస్తుకి పోగా మిగిలినవాటిలోది. కవరు అంటించబోతుంటే రత్నం వచ్చి పెట్టింది, అమ్మకి అని. ఎలా ఉందో నేను రాయను. నువ్వు చూసుకో.

ఇట్లు,
రత్నం నాన్న
మన్మథరావు